అల్లుడుగారి కందెన

కందెనల విషయంలో అల్లుడుగారిని మించిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఈ మాట అన్నది మరెవరో కాదు, స్వయానా అల్లుడుగారే. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, పశువుల కొట్టం వైపు చూస్తూ, ఎవరూ అడక్కుండానే అన్నారు.

"ఏ ఇనుముకి ఏ నూనె పడుతుందో నాకు వాసన చూస్తే తెలిసిపోతుంది. పుట్టుకతో వచ్చిన విద్య ఇది. నేర్పితే వచ్చేది కాదు."

అని, ఆ విద్య తాలూకు సరంజామా అంతా దాచిన పనిముట్ల గది తలుపు తెరిచారు. ఆ తలుపు పెట్టిన కేకకి కోళ్లు గోడెక్కాయి. వీధి చివర కుక్కలు ఏడుపు లంకించుకున్నాయి. లోపల పడుకున్న మామగారు దొంగలనుకుని మంచం కిందికి దూరి, ఎప్పుడో పోయిన చెప్పు అక్కడ దొరికితే సంతోషించి, మళ్లీ పైకెక్కి పడుకున్నారు.

"ఆ తలుపుకి కూడా ఏదైనా రాయొచ్చుగా?" అంది భార్య, పాలక్యాను కడుగుతూ.

"రాయకపోవడానికి ఒక కారణం ఉంది. చెప్పినా నీకు అర్థం కాదు."

ఆ డెయిరీ మామగారిది. నడిపేది ఆయన కూతురు. మాట చెల్లేది ఆవులది. ఆ ఆవరణ మొత్తంలో అల్లుడుగారికంటూ మిగిలింది ఆ పనిముట్ల గది ఒక్కటే. అందులో ఒక చెయ్యి విరిగిన కుర్చీ, ఒకే స్టేషను పలికే రేడియో, గోడ పొడుగునా అరలు, అరల నిండా నూనె డబ్బాలు. తాళంచెవి ఆయన జేబులోంచి బయటికి రాదు. స్నానానికి వెళ్లినా సబ్బు పక్కన పెట్టుకుంటారు. ఇంట్లో ఎవరితో మాట పట్టింపు వచ్చినా ఆ గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, మూతలు తీసి వాసన చూసుకుంటూ కూర్చుంటే ప్రాణం కుదుటపడుతుంది.

అంతకుముందు ఆయన చేసిన సేవలు ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. కుట్టుమిషనుకి గ్రీజు పెట్టారు. ఆ తర్వాత అందులోంచి వచ్చిన ప్రతి బట్టకీ నల్ల అంచు ఉచితం. బావి గిలకకి నూనె పోశారు. అది ఎంత సాఫీగా తిరిగిందంటే బకెట్టు, తాడు, తాడు చివర ముడి అన్నీ ఒక్క ఊపున లోపలికి వెళ్లాయి. మామగారు భోంచేసే చోట ఫ్యానుకి కూడా ఏదో పోశారు. మామగారు ఇప్పటికీ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టుకునే తింటారు.

"ఇవాళ డాక్టరమ్మ వస్తున్నారు," అంది భార్య, క్యాను బోర్లించి. "దొరసాని వెనక గిట్టలో చీము పట్టింది. ఇవాళ శుభ్రం చేసి కట్టు కట్టాలి. రేపట్నుంచి ఆవిడకి సెలవు. తిరిగొచ్చేసరికి పుండు ఎముకదాకా పోతుంది. ఇక ఆ కాలు రాదు."

దొరసాని మందలో అన్నిటికన్నా పెద్ద ఆవు, అన్నిటికన్నా పొగరుది. భార్య చేతుల మీద పుట్టింది. ఆ ఆవు కుంటుతున్నప్పట్నుంచి ఆమె కూడా సరిగ్గా నడవడం లేదు.

"మరి కట్టించు. నేను వద్దన్నానా?"

"బోనులోకి అడుగుపెడితేగా! వెనక తలుపు కిర్రుమన్నప్పుడల్లా బెదిరిపోయి వెనక్కి తిరుగుతోంది. వెల్డరుకి ఫోన్ చేస్తా. చేసినవాడు వాడే కదా, వచ్చి ఏదైనా రాసి పోతాడు."

అల్లుడుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "వెల్డరా! ఇంట్లో నేనుండగా, బయట మనిషినా! డబ్బాలన్నీ ఎందుకు పెట్టుకున్నట్టు, పూజకా? ఈ మాట నలుగురికీ తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"బోనుకేసి పెట్టుకోండి. డాక్టరమ్మ వచ్చేలోపు అది కిక్కురుమనకూడదు. కానీ ఒక్క మాట." ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "ఇవాళ మీవల్ల ఏదైనా తేడా వచ్చిందా, ఆ గది తాళంచెవి నా చేతికి రావాలి. ఇక అడక్కూడదు."

"రానీ! తేడా వస్తే కదా!" అన్నారు అల్లుడుగారు, జేబు మీద చెయ్యి వేసుకుని.

బోను అంటే భయపడాల్సిందేమీ లేదు. నడుం ఎత్తున్న ఇనుపగొట్టాల సందు, ఆవు పట్టేంత వెడల్పు. వెనక తలుపు పట్టాల మీద పక్కకి జరుగుతుంది. ముందు వైపు మెడ గేటు, రెండు రెక్కలు. ఆవు తల బయట పెట్టగానే మీట లాగితే రెక్కలు మెడకి అటూ ఇటూ దగ్గరకొస్తాయి. మీటకి ఒక కడ్డీ, ఆ కడ్డీని కరిచి పట్టుకునే రెండు ఇనుప బిళ్లలు. దాన్ని వెల్డరు 'పట్టు' అంటాడు. దానికి పళ్లు లేవు, గొళ్లెం లేదు. ఇనుముని ఇనుము ఒరుసుకుని ఆపడమే. వదలాలంటే పక్కనున్న చిన్న పిడి నొక్కాలి.

అల్లుడుగారు మొదట ట్రాక్టరులోంచి తీసిన కాలిపోయిన ఇంజనాయిలు డబ్బా ఎత్తారు. నల్లగా, చిక్కగా, చూడగానే నమ్మకం కలిగేలా ఉంది.

"అది వద్దు!" అంది భార్య కొట్టంలోంచి. "దూడలు ఆ గొట్టాలన్నీ నాకుతాయి. విషం అది."

"నాకితే తప్పు దూడది కదా!" అన్నారు అల్లుడుగారు ఉక్రోషంగా. అన్నారే గానీ ఆలోచించారు. ఆలోచిస్తే మెరుపులాంటి ఉపాయం తట్టింది. నాకినా ఫరవాలేని నూనె రాస్తే సరి. తిన్నగా వంటింట్లోకి వెళ్లి వంటనూనె డబ్బా చంకన పెట్టుకొచ్చి, వెనక తలుపు పట్టాలకి అభిషేకం చేశారు.

తలుపు నోరుమూసుకుంది. అల్లుడుగారు నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశారు, ఎవరైనా పొగుడుతారేమోనని. పొగడటానికి ఆవులొచ్చాయి. ఒకటి వాసన చూసింది, రెండోది నాకింది, మిగతావి వరసకట్టాయి. వాటి కాళ్ల కింద లేచిన దుమ్ము, గడ్డిపొట్టు, రాలిన వెంట్రుకలు అన్నీ ఆ నూనెలో కలిసి చక్రాల కింద ముద్దయ్యాయి. తలుపు సగందాకా వచ్చి బిగుసుకుపోయింది. ఇప్పుడు కిర్రుమనడం లేదన్నది నిజమే, అసలు కదిలితే కదా!

"కల్తీ నూనె!" అని మండిపడ్డారు అల్లుడుగారు. "ఇలాంటి నూనెతో వండుతున్నావా నాకు? అందుకే నా ఒళ్లు ఇలా అయింది!"

కిరసనాయిలుతో అదంతా కడిగి ఆవుల్ని అవతలికి తోలేసరికి పొద్దెక్కింది. ఈసారి బండి చక్రాలకి పెట్టే గ్రీజు తీశారు. మెడ గేటు కీళ్లకి గుప్పెళ్లతో మెత్తారు. కీళ్లకి పట్టినంత పట్టింది, మిగిలింది గొట్టాలకి పట్టింది. సరిగ్గా అప్పుడే మామగారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, డాక్టరమ్మకి ఎదురు వెళ్దామని బయటికొచ్చి, "ఎంతవరకొచ్చింది అల్లుడుగారూ?" అంటూ ఆ గేటుకే చేరగిలబడ్డారు.

మామగారు మర్యాదస్తుడు. అల్లుణ్ణి ఎప్పుడూ 'మీరు' అనే అంటారు. వీపు తడిగా తగిలితే చేత్తో తడిమి చూసుకున్నారు. చేతిని చూసుకున్నారు. "ఏం రాశావు నువ్వు?" అన్నారు.

"గ్రీజండీ. మంచి రకం."

"నా వీపుకి రాయమని నిన్ను అడిగానా?"

"మీరే వచ్చి ఆనుకున్నారు మామగారూ! తడి రంగు ఉన్నచోట ఆనుకోకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు!"

"ఇది రంగా?"

"రంగైతే ఆనుకునేవారు కాదు కదా, అదే అంటున్నా!"

మామగారు వీపు గోడవైపు పెట్టి పక్కకి పక్కకి జరుగుతూ చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు. అల్లుడుగారికి ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి ఒంటరిగా ఒక ఆవు కాలు కోసం చెమటోడుస్తుంటే, ఒక్కరంటే ఒక్కరికి విశ్వాసం లేదు. పైగా గ్రీజు కూడా ఆయనకి ద్రోహమే చేసింది. గాలికొచ్చిన పొట్టునంతా పట్టి దాచుకుని, గేటు కీళ్లకి మీసాలు మొలిపించింది.

ఇక మిగిలింది బ్రహ్మాస్త్రం. పై అరలో, గుడ్డ కప్పి, దేనికీ వాడకుండా దాచుకున్న స్ప్రే డబ్బా. నొక్కితే సుయ్యిమని సన్నటి పొగలా పడుతుంది. అల్లుడుగారు గ్రీజంతా గోకేసి ముందు వెనక తలుపు చక్రాలకి కొట్టారు. వెన్నలో వేలు జరిగినట్టు జరిగింది. మెడ గేటు కీళ్లకి కొట్టారు. గాలికే ఊగింది. ఆ ఆనందంలో మీటకి కొట్టారు, కడ్డీకి కొట్టారు, కడ్డీని కరిచే బిళ్లలకి రెండువైపులా కొట్టి, ఇంకాస్త పోనీలెమ్మని మళ్లీ కొట్టారు. అంతలో డాక్టరమ్మ స్కూటరు గేటు దాటి వచ్చి ఆగింది. ఆవిడ భార్యతో మాట్లాడుతూ కొట్టంలోకి వెళ్లారు. డబ్బాలో ఇంకా కొంచెం మిగిలింది. మంచి వస్తువుని సగంలో ఆపే అలవాటు అల్లుడుగారికి లేదు.

తర్వాత జరిగింది చూసి తీరాలి. తవుడు బకెట్టు ముందు చూపించగానే దొరసాని కుంటుకుంటూ వచ్చి బోను దగ్గర ఆగింది. చెవులు రిక్కించింది. వెనక తలుపు జరిగింది, చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. దొరసాని ఒక్క క్షణం ఆలోచించి లోపలికి నడిచింది. మామగారు కొత్త చొక్కాలో, దూరంగా నిలబడి, మీట లాగారు. రెక్కలు మెడకి దగ్గరకొచ్చాయి.

"ఎంత బాగా ఉందండీ!" అన్నారు డాక్టరమ్మ. "ఇంత చప్పుడు లేని బోను నేను ఎక్కడా చూడలేదు."

"ఏదో, కొంచెం తెలుసు," అన్నారు అల్లుడుగారు, భార్య వింటోందో లేదో ఓరగా చూసుకుంటూ. ఆమె వింది. ఆమె మొహంలో ఎంతోకాలం తర్వాత చిన్న మెచ్చుకోలు కనబడింది కూడా.

డాక్టరమ్మ వెనక కాలికి తాడు వేశారు. తాడు రెండో కొస తన సంచి పట్టీకి చుట్టి, కూర్చోబోయారు. దొరసాని తల ఇటు విదిలించింది, అటు విదిలించింది. కడ్డీ బిళ్లల మధ్యనుంచి సబ్బు జారినట్టు జారింది. మెడ గేటు రెక్కలు నాటకంలో తెరలాగా, మర్యాదగా, నిశ్శబ్దంగా విడిపోయాయి. దొరసాని బయటికి నడిచింది. వెనకాలే తాడు, తాడు వెనకాలే డాక్టరమ్మ సంచి, సంచిలోంచి ఒక్కొక్కటే రాలుతున్న కత్తెరలు, దూది, సీసాలు.

కుంటి ఆవు కాబట్టి ఎవరూ పరిగెత్తాల్సిన పని రాలేదు. అందరూ దాని వెనక ఊరేగింపులా నడిచారు. అది తిన్నగా వంటింటి పెరటి తలుపు దగ్గరికెళ్లి, తల లోపల పెట్టి, తరిగి పెట్టిన కూరగాయలు తిని, తరగనివి కూడా తిని, తృప్తిగా నిట్టూర్చింది.

"ఇదేంటండీ?" అంది భార్య. మెచ్చుకోలు పోయింది.

అల్లుడుగారు ఒంటికాలి మీద లేచారు. "ఇదేంటని నన్నడుగుతావా? ఆ వెల్డరుని అడుగు! అది పట్టా? ఆవుని పట్టలేని పట్టు దేన్ని పడుతుంది, దోమనా? మనల్ని నిలువునా మోసం చేశాడు. డాక్టరమ్మకి తగిలుంటే ఏమయ్యేది? నేను కాబట్టి ఊరుకున్నాను, ఇంకొకరైతే వాడి కొట్టు మీదికి వెళ్లేవారు!"

కోపం అంటుకునే జబ్బు. మామగారికి కూడా అంటుకుంది. వీపు సంగతి మరిచిపోయి, "అల్లుడుగారు చెప్పింది నిజమే!" అని ఫోను తీశారు. "ఏమయ్యా, నువ్వు చేసింది బోనా, ఉయ్యాలా? మా ఆవు నీ పట్టుని చూసి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. వచ్చి నీ ఇనుము నువ్వు పట్టుకుపో!"

ఫోనులోంచి వచ్చిన కేక పెరట్లో అందరికీ వినబడింది.

వెల్డరు వచ్చేలోపు, అసలు లోపం ఏమిటో తానే కనిపెట్టి వాడి మొహాన కొడదామని అల్లుడుగారు పట్టు దగ్గరికి వెళ్లి వంగి చూశారు. బిళ్లలు పెళ్లికూతురి బుగ్గల్లా నిగనిగలాడుతున్నాయి. అంచులనుంచి చుక్కలు పడుతున్నాయి. అల్లుడుగారికి ఏదో అనుమానం వచ్చి డబ్బా తిప్పి చూశారు. వెనకవైపు చిన్న అక్షరాలు. జారకుండా పట్టుకోవాల్సిన భాగాల మీద దీన్ని వాడరాదు.

ఇంత ముఖ్యమైన మాట ఇంత చిన్న అక్షరాల్లో రాస్తారా? ఆయనకి ఆ డబ్బా చేసినవాళ్ల మీద పట్టరాని కోపం వచ్చింది. కోపంతోపాటు చెమట కూడా వచ్చింది. తాళంచెవి ఉన్న జేబు బరువుగా అనిపించింది.

ఇప్పుడు పోయి నిజం చెప్పేస్తే పోయేది. కానీ బుర్ర పాదరసంలా పనిచేసే మనిషికి నిజంతో ఏం పని? జారుతోంది కదా, జారకుండా చేస్తే సరి. గడ్డి కోసే మిషను బెల్టు జారకుండా రాసే జిగురుముద్ద ఒకటి ఆయన గదిలో ఉంది. చొక్కా కొసతో బిళ్లల్ని తుడిచినట్టు చేసి, ఆ ముద్ద పెట్టి గట్టిగా రుద్దారు. కడ్డీకి కూడా రుద్దారు. అడుగున మిగిలిన నూనెలో ముద్ద కరిగి పాకంలా తయారైంది. వేలు పెట్టి చూశారు. వేలు రావడానికి కాస్త సమయం పట్టింది. అల్లుడుగారి మనసు తేలికపడింది.

వెల్డరు పని మధ్యలోంచి లేచి వచ్చాడు. నుదుటి మీద నల్లద్దాల తొడుగు, ఒళ్లంతా చెమట, కళ్లలో నిప్పులు.

"ఎవరండీ నా పట్టు పట్టదన్నది?"

"నేనే అన్నాను," అన్నారు మామగారు.

"నేనూ అన్నాను," అన్నారు అల్లుడుగారు, మామగారి వెనకనుంచి.

"బాబుగారూ, మీరు పెద్దవాళ్లు, మాట జాగ్రత్త! నా చేత్తో చేసిన బోనులు ఎద్దుల్ని ఆపినయ్. దున్నల్ని ఆపినయ్. మీ కుంటి ఆవుని ఆపలేదంటే నేనెక్కడ చెప్పుకోవాలి? ఈ మాట బయటికెళ్లిందంటే నా కొట్టు మూసుకోవాలి, తెలుసా మీకు?"

"ఆవు మా కళ్ల ముందే వెళ్లిపోయింది కదయ్యా!"

"మీ కళ్లు నాకెందుకు? నా మెడ పెడతా, చూడండి!"

"అయ్యో, అది మనుషులకి చేసింది కాదండీ," అన్నారు డాక్టరమ్మ, ఆవు కాలినుంచి విప్పిన తాడు చంకన పెట్టుకుని, గడ్డిలోంచి తన సీసాలు ఏరుకుంటూ.

"నేను చేసింది, నాకు తెలీదా?" అని వెల్డరు తొడుగు తీసి పారేసి, బోనులోకి దూరి, మోకాళ్ల మీద కూర్చుని, మెడ గేటులోంచి తల బయట పెట్టాడు. "లాగండి పెద్దాయనా! మనసులో ఏం పెట్టుకోకుండా లాగండి!"

మామగారు మీట లాగారు. రెక్కలు వెల్డరు మెడకి అటూ ఇటూ వచ్చి ఆగాయి. ఊపిరి ఆడటానికి చోటుంది, తిట్టడానికి చోటుంది, తల వెనక్కి తీయడానికి మాత్రం లేదు. వెల్డరు భుజాలతో కుమ్మాడు. గేటు కదల్లేదు. రెండు చేతులతో తోశాడు. కదల్లేదు.

"కదిలిందా? చెప్పండి, కదిలిందా? ఇప్పుడేమంటారు? నా పట్టుకి పేరు పెడతారా?"

"నిజమేనయ్యా, గట్టిగానే ఉంది," అన్నారు మామగారు సిగ్గుపడుతూ.

అల్లుడుగారు గట్టిగా ఊపిరి వదిలారు. అంతా సర్దుకుంది. పట్టు మంచిది, వెల్డరు మంచివాడు, ఆవుది కాస్త తొందరపాటు, అంతే. ఎవరికీ ఏమీ తెలియదు.

"సరే, ఇక వదలండి," అన్నాడు వెల్డరు.

మామగారు పిడి నొక్కారు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కారు. భార్య వచ్చి నొక్కింది. ఇద్దరూ కలిసి నొక్కారు. డాక్టరమ్మ కూడా ఒక చెయ్యి వేశారు. కడ్డీ బిళ్లల్లో తాతలనాటి మేకులా పాతుకుపోయింది.

"నొక్కండి సార్."

"నొక్కుతున్నామయ్యా."

"గట్టిగా నొక్కండి సార్," అన్నాడు వెల్డరు. గొంతులో ఇందాకటి గర్వం లేదు.

ఈ గోలంతా వింటున్న దొరసాని వంటింటి దగ్గర్నుంచి మెల్లగా నడిచి వచ్చింది. తాను ఇందాక ఉన్నచోట ఇప్పుడు ఇంకొకరు ఉండటం దానికి వింతగా తోచినట్టుంది. ఎదురుగా వచ్చి నిలబడి, వెల్డరు మొహాన్ని పరీక్షగా చూసింది. పొద్దుట్నుంచి నిప్పు దగ్గర కూర్చున్న మనిషి, నెత్తి మీద ఉప్పు తేలి ఉంది. దొరసాని నాలుక చాపి అతని జుట్టు నుదుటి మీదనుంచి పైకి, ఒక్క పట్టున, దువ్వినట్టు నాకింది. దాని కళ్లు అరమోడ్పులయ్యాయి.

"ఓరి నాయనో! లాగండి దీన్ని!"

"కదలకండి," అన్నారు డాక్టరమ్మ. ఆవిడ అప్పటికే ఆవు వెనకాల కూర్చుని, గిట్ట తన ఒళ్లో పెట్టుకుని, కత్తి తీశారు. "మీరు కదిలితే అది కదులుతుంది. దయచేసి ఇంకాసేపు ఓర్చుకోండి."

"నేనా ఓర్చుకోవాల్సింది? కాలు దానిదా, నాదా?"

"మాట్లాడకండి కూడా. మెడ తిప్పుతోంది."

తాడు లేదు, బోను లేదు, పట్టు లేదు. దొరసాని ఇల్లు కడిగినంత శ్రద్ధగా వెల్డరు తల కడుగుతుంటే డాక్టరమ్మ చీము తీశారు, మందు పెట్టారు, కట్టు కట్టారు. భార్య ఆవు మెడ చుట్టూ చేతులు వేసి, వెల్డరుకి వినబడకుండా ముక్కు చీదుకుంది.

"కాలికి ఇక భయం లేదు," అన్నారు డాక్టరమ్మ.

"నా మెడ సంగతేంటండీ?" అన్నాడు వెల్డరు, జుట్టు నిలువునా లేచి నిలబడ్డ తలతో. "ఇది నేను చేసిన పట్టు కాదు. దీన్నెవరో ముట్టుకున్నారు. దీని మీద ఏం రాశారు? అది చెబితే దేంతో తుడవాలో చెబుతా. చెప్పకపోతే నేనిక్కడే కాపరం పెట్టాలి!"

అందరూ అల్లుడుగారి వైపు చూశారు. అల్లుడుగారు తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు. కిరసనాయిలు వాసన తప్ప ఎవరూ లేరు.

"నన్నెందుకు చూస్తారు? ప్రతిదానికీ నేనే దొరికానా?"

"ఏమండీ," అంది భార్య. అంతే అంది.

అల్లుడుగారు చేతులు చొక్కాకి తుడుచుకున్నారు. "అంటే... స్ప్రే... కొంచెం."

"ఎక్కడ?"

"అన్నిచోట్లా."

"పట్టు మీద కూడానా?" బోనులోంచి వెల్డరు గొంతు చించుకున్నాడు. "పట్టు మీద కందెనా? ఎవడైనా బ్రేకులో నూనె పోస్తాడా? పోస్తాడా అని అడుగుతున్నా!"

ఆ ప్రశ్నకి అల్లుడుగారి మొహం పాలిపోయింది. అది పట్టు గురించేనని అందరూ అనుకున్నారు.

"ఆ తర్వాత?" అంది భార్య.

"ఆ తర్వాత జారుతోందని... బెల్టు జిగురు. అంతకుముందు గ్రీజు. దానికి ముందు వంటనూనె. మధ్యలో కిరసనాయిలు. నీ కొత్త తువ్వాలుతో తుడిచాను."

అలా జాబితా అంతా కక్కించాక, వెల్డరు చెప్పినట్టు పెట్రోలులో ముంచిన కుచ్చుతో బిళ్లల్ని కడిగి, సుత్తితో చిన్నగా తడితే పట్టు ఠంగున వదిలింది. వెల్డరు బయటికొచ్చి, మెడ తడుముకుని, మామగారి క్షమాపణ తీసుకుని, పట్టుని పొడిగుడ్డతో ఆరేలా తుడిచి, "కీళ్లకి రాయండి, చక్రాలకి రాయండి. దీని జోలికొస్తే మాత్రం నేను మనిషిని కాను," అని చెప్పి, తల మీద చెయ్యి పెట్టుకునే వెళ్లిపోయాడు.

భార్య చెయ్యి చాపింది. అల్లుడుగారు తాళంచెవి తీసి చూసుకున్నారు. ఆయన మొహం చూసి ఆమెకి ఎక్కడో జాలేసింది. ఆవు కాలు దక్కింది కదా, మనసు మెత్తబడి ఉంది.

"సరే, ఈసారికి మీ దగ్గరే ఉంచుకోండి," అంది. "కానీ అంతా చెప్పేశారా? ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత ఒక్కటి బయటపడినా ఊరుకోను."

"ఇంకేముంటుంది!" అన్నారు అల్లుడుగారు రోషంగా. "దొంగని అడిగినట్టు అడుగుతావేం? అంతే. అంతా చెప్పేశాను." అని తాళంచెవి జేబులో వేసుకున్నారు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని, హెల్మెట్ పెట్టుకున్నారు. స్కూటరు స్టార్టయింది. గేటు దాటితే రోడ్డంతా కిందికి పల్లం, పల్లం చివర లారీలు తిరిగే పెద్ద రోడ్డు. అల్లుడుగారు ఆవిడ వైపు చూశారు. పల్లం వైపు చూశారు. జేబు మీద చెయ్యి వేసుకున్నారు. స్కూటరు కదిలింది.

"డాక్టరమ్మా, ఆగండి! ఆగండి! అబ్బే, బ్రేకు నొక్కకండి, కాళ్లతో ఆపండి!"

ఆవిడ కాళ్లు నేల మీద ఈడ్చి, గేటుకి ఆనుకుని ఆగారు. "ఏమైందండీ?"

అల్లుడుగారు భార్య మొహం చూడకుండా, నేలకే చెప్పుకున్నారు. "మీరొచ్చి ఆగినప్పుడు బండి కుయ్యిమందండీ. ఆవు బెదురుతుందని... డబ్బాలో కొంచెం మిగిలితేనూ... వెనక చక్రానికి."

డాక్టరమ్మ వంగి వెనక చక్రం వైపు చూశారు.

"ముందు చక్రానికి కూడా," అని, అడక్కముందే తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టారు.

డాక్టరమ్మ స్కూటరు తోసుకుంటూ ఇంటికి వెళ్లారు. చప్పుడు మాత్రం అస్సలు రాలేదట.